గారపండ్ల ఫుల్‌బ్యాక్

డిండి రోడ్డు మీది ఐస్ ఫ్యాక్టరీల
నేను దిమ్మెల మీద ఊక జల్లే పిల్లగాన్ని.
రాత్రి తొమ్మిదింటి బస్సు పోయినంక
జంగయ్య వచ్చేటోడు,
మోకాలుకు ఇంత పలుకు అడిగేటోడు.
అడుగుడంటే అడుగుడు గాదు,
గోనెసంచి పరిచి కూసునుడే.

పద్నాలుగేండ్లు రైల్వే టీంల ఫుల్‌బ్యాక్.
ఒక్క గోలు కొట్టలేదు.
"కొట్టేటోళ్లు మస్తు మంది ఉంటరు బిడ్డా,
ఆపేటోడు ఒక్కడన్న ఉండాలె గద"
అనుకుంట ఐసు అద్దుకునేటోడు,
సుయ్యిమనేటోడు.

మొదటి కర్ర తుమ్మకొమ్మ.
చిన్నమ్మ బాలకిష్టమ్మ కొడవలితో చెక్కి
పొయ్యిల కాపి వంచిచ్చింది.
బంతి అంటే గుడ్డపేలికల మీద సైకిల్ ట్యూబు.
ఆరు దినాలు అంగడి జాగా వాళ్లది,
ఏడో దినం ఎద్దులది.
రాళ్లల్ల పడ్డ బంతి ఎటు ఎగురుతదో
బంతికే తెల్వదట.
"అందుకే నాకు తెలిసింది" అనేటోడు.
ఆ మాట నాకు ఇప్పటికీ సక్కగ అర్థం గాలేదు.

టీం ఫోటోలల్ల అందరూ నవ్వుతుంటరు,
జంగయ్య ఒక్కడే పెదవులు కుట్టుకున్నట్టుంటడు.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగిన నోరు.
పండ్ల మీద ఇటుకరంగు గీతలు,
తోమితే పోయేటివి గావు.
ఎగతాళికో పావురానికో
పట్నం పిల్లలు ఒకసారి బ్రష్షు కొనిచ్చిన్రు.
దాంతోని బూట్లు తోముకున్నడు మూడేండ్లు.

ఖరగ్‌పూర్‌ల ఫైనల్.
ఆఖరి నిమిషంల పెనాల్టీ కార్నర్.
గీత మీదికెల్లి ఉరికిండు.
కర్ర అందలేదు, మొఖం అందింది.
బంతి ఆగింది.
ముందటి పండ్లు రెండు, కిందిది సగం
గడ్డిల ఎక్కడనో పడ్డయి.
ఎవరో వంగి దేవులాడుతుంటే
"ఉండనియ్యి, అవి మా ఊరి నీళ్లు" అన్నడట.
మరునాడు పేపర్ల ఫోటో:
నోరంత తెరిచి నవ్వుతున్నడు,
నడుమ నల్లగ
గోల్‌కీపర్ లేని గోలు.

తర్వాత నేల మారింది.
గడ్డి పీకి ఆకుపచ్చ బట్ట పరిచిన్రు.
ఆటకు ముందు దానికి నీళ్లు తాపాలె,
పైపులు పట్టి, వేల లీటర్లు.
జంగయ్య గీత మీద నిలబడి
బిందెలు లెక్కబెట్టిండట.
బేస్తవారం అది,
చెల్లె ట్యాంకరు కాడ వరుసల నిలబడే దినం.
"ఆ నీళ్లు తొక్కుకుంట ఉరకాలంటే
కాలు రాలేదురా."
కోచ్ మాత్రం మోకాలని రాసిండు.
డాక్టరు అడిగిండు: నొప్పి ఆటదా, నీళ్లదా?
"ఫిఫ్టీ ఫిఫ్టీ ఏసుకో సార్."

ఒకనాడు ఆఫీసు టీవీల
ఏదో దేశంల మంచు మీద ఆట వచ్చింది.
కాళ్లకు కత్తులు, చేతుల కర్రలు,
బంతి లేదు, నల్ల బిళ్ల.
ఇరవై రెండేండ్లు ఆడినోడట, ఆఖరి ఆటట,
జనం లేచి నిలబడి కొడుతున్నరు చప్పట్లు.
వాడు టోపీ తీసి నవ్విండు.
ముందటి పండ్లు లేవు.
జంగయ్య గోనె మీదికెల్లి దుంకి లేచిండు.
"అగ్గో! మనోడే!
అక్కడ గూడ బోరునీళ్లేనా?"

ఆ రాత్రి, తడి సిమెంటు నేల,
అరచేతంత ఐసుపెళ్ల.
చేతికర్ర తిప్పి పట్టుకోని
"వాకిట్ల నిలబడు" అన్నడు నన్ను.
కొట్టిండు.
సర్రున వచ్చింది. నేను కాలు పక్కకు జరిపిన.
ముసలోడు, ఒక్క గోలన్న కొట్టుకోనీ అని.

పెళ్ల గడప దాటి రోడ్డు మీద పగిలింది.
జంగయ్య చాలాసేపు ఏం అనలేదు.
"కాలెందుకు తీసినవ్‌రా?
ఆటల దయ చూపెట్టొద్దు. ఇంకోటి తే."

ఇంకోటి తెచ్చిన.
ఈసారి కాలు అడ్డం పెట్టిన.
చలికాలం వస్తే
చీలమండ కాడ ఇప్పటికీ సలుపుతది.